వార్డు బల్ల మీద తయారయ్యే మందు

2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మందుల పెట్టెలు మోసుకుంటూ డ్రోన్లు ఎగిరాయి. ‘మెడిసిన్స్ ఫ్రమ్ ది స్కై’ అన్న ఆ ప్రయోగాన్ని అప్పటి కేంద్ర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ ఇక్కడే ప్రారంభించారు. వాగు పొంగినా, రోడ్డు తెగినా ఊరి ఆరోగ్య కేంద్రానికి టీకాలు, మందులు చేరాలన్నది దాని ఉద్దేశం. చల్లదనం చెడకుండా ప్రత్యేకమైన పెట్టె, అది ఎక్కడిదాకా పోయిందో తెర మీద చూసుకునే వీలు. ఒక్క మందు సీసా కోసం ఇంత ఏర్పాటు చేయొచ్చని మన జిల్లా దేశానికి చూపించింది.

మంచిదే. మరి ఆ సీసా దవాఖాన గడప దాటి లోపలికి పోయాక దాని బాగోగులు ఎవరు చూస్తున్నారు? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ లోపలి ప్రయాణం గురించి. స్టోరు గది నుంచి వార్డు దాకా, వార్డు బల్ల మీది నుంచి రోగి నరం దాకా. దూరం కొద్ది అడుగులే. మందు చేతులు మారేది, రూపు మారేది మాత్రం అక్కడే.

సూది మందంటే ఫ్యాక్టరీలోనే పూర్తిగా తయారై వచ్చే వస్తువని చాలామంది అనుకుంటారు. సెఫ్ట్రియాక్సోన్ సంగతి చూడండి. అది సీసాలో పొడిగా వస్తుంది. స్టెరైల్ వాటర్ పోసి, పూర్తిగా కరిగేదాకా ఆడించి, అప్పుడు సిరంజిలోకి తీయాలి. పొటాషియం క్లోరైడ్ చిక్కటి ద్రావణంగా వస్తుంది. దాన్ని సెలైన్‌లో బాగా పలచన చేసి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాలి. అలాగే నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. పసిపిల్లలకు ఇచ్చే మందు చాలాసార్లు పెద్దవాళ్ల సీసాలోంచే కొలిచి తీయాల్సి వస్తుంది. అంటే మందు తయారీలో ఆఖరి మెట్టు వార్డులో, నర్సు చేతిలో ఉంది. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ ఆఖరి మెట్టును కూడా తయారీగానే గుర్తించాలి. తయారీకి ఇచ్చే జాగా, సమయం, మనుషులు దానికీ ఇవ్వాలి.

ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో చూడ్డానికి మనం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలో దుండిగల్, పాశమైలారం వైపు అమెరికా, ఐరోపా దేశాలకు సూది మందులు పంపే కంపెనీలున్నాయి. సీసాలు నింపే చోట ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన ధూళికణాలు 3,520 దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. లోపలికి పోయే మనిషి తల నుంచి పాదం దాకా కప్పుకోవాలి. గబగబా నడవకూడదు, చేతులు విసరకూడదు, తెరిచిన సీసా మీదుగా చెయ్యి పోకూడదు. తనిఖీకి వచ్చిన అధికారి వీడియోలో ఒక పనివాడి చేతి విసురు చూసి తప్పు రాసుకున్న సందర్భాలుంటాయి. ప్రతి దశకూ సంతకం, దాని మీద ఇంకొకరి సంతకం.

ఇప్పుడు ఏ దవాఖానలోనైనా సరే, ఉదయం తొమ్మిది గంటల వార్డు గుర్తు చేసుకోండి. డాక్టరుగారు రౌండ్స్ ముగించి వెళ్లారు. కేస్ షీట్ల కట్ట బల్ల మీద పడింది. ఆ బల్ల మీదే సిస్టర్ టీ గ్లాసు, ల్యాబ్‌కు పోవాల్సిన రక్తం శాంపిళ్లు, రిజిస్టర్లు, ఫోను. అక్కడే ఒక మూల స్టీలు ట్రే. తొమ్మిదిన్నరకల్లా వార్డు మొత్తానికీ యాంటీబయాటిక్ పడాలి. సిస్టర్ సీసాలు వరుసగా పెట్టి, నీళ్లు పోసి, సిరంజిల్లోకి తీసి ట్రేలో పేర్చుతుంది. ఈలోగా ఒకరు “సిస్టర్, మా నాయినకు సెలైన్ అయిపోయింది” అంటారు. ఇంకొకరు డిశ్చార్జి కాయితం అడుగుతారు. ఫోను మోగుతుంది. ట్రేలో ఉన్న సిరంజిలన్నీ చూపుకు ఒక్క తీరే. తెల్లటి ప్లాస్టిక్కు, లోపల నీళ్లలాంటి మందు. ఏది ఎవరిదో సిస్టర్ మనసులో మాత్రమే రాసి ఉంటుంది.

ఆమె తప్పు చేస్తుందని నేననడం లేదు. ఇన్ని అడ్డంకుల మధ్య రోజూ తప్పు జరగకుండా చూస్తున్నది ఆమేనని గుర్తించమంటున్నాను. ఎంత శ్రద్ధ ఉన్నా మనిషి మెదడుకు ఒక హద్దు ఉంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ దవాఖానల్లో మందులిచ్చే నర్సుల పనిని దగ్గరుండి గమనించిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. మందిచ్చే పనిలో ఒక్కసారి అడ్డు తగిలితే తప్పులు సుమారు 12 శాతం పెరిగాయని, అడ్డంకులు పెరిగేకొద్దీ తప్పుల తీవ్రత కూడా పెరిగిందని అందులో తేలింది. “సిస్టర్” అని మనం పిలిచే ప్రతి పిలుపూ ఆ లెక్కలోకి వస్తుంది.

బ్రిటన్ ఈ విషయంలో మనకంటే ముందు నడిచిన దేశం. అక్కడి కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1972లో ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్ట్ దవాఖానలో ఆపరేషన్ అయిన రోగులకు ఎక్కించిన గ్లూకోజ్ బాటిళ్లలో బ్యాక్టీరియా ఉన్నట్టు బయటపడింది. ప్రాణాలు పోయాయి. విచారణ జరిపితే తేలిందేమిటంటే, ఫ్యాక్టరీలో బాటిళ్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో అడుగు వరుసకు సరిపడా వేడి చేరలేదు. లోపలి గాలి పూర్తిగా బయటకు పోకుండా అడుగున నిలిచిపోయింది. వేడి ఎక్కలేదన్న సంగతి యంత్రం తన కాగితం మీద గీత గీసి మరీ చెప్పింది. పనిచేసేవాళ్లు గీతను నమ్మలేదు. యంత్రమే చెడిపోయిందనుకున్నారు. ఆ విచారణ మీద క్లోథియర్ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత 1976లో బ్రెకెన్‌రిడ్జ్ నివేదిక వచ్చింది. సెలైన్‌లో మందులు కలిపే పని వీలైనంతవరకు వార్డులోంచి తీసి ఫార్మసీకి అప్పగించాలని అది చెప్పింది.

అక్కడితో సమస్య తీరిందా? లేదు. 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన అచ్చయింది. రెండు దవాఖానల్లో, పది వార్డుల్లో, నరానికి ఇచ్చిన 430 డోసులను పక్కన నిలబడి చూశారు. వాటిలో 212 డోసుల్లో ఏదో ఒక పొరపాటు దొరికింది. దాదాపు సగం. తీవ్రమైన హాని చేయగలిగినవి మూడే, నిజమే. కానీ ఎక్కువ పొరపాట్లు ఎక్కడ జరిగాయో చూడండి: అనేక దశల్లో కలుపుకోవాల్సిన మందుల దగ్గర, మందును నరంలోకి ఒక్కసారిగా నెట్టే దగ్గర. 2007లో అక్కడి జాతీయ రోగి భద్రతా సంస్థ దేశంలోని దవాఖానలన్నింటికీ హెచ్చరిక పంపింది. ఏ వార్డులో ఏ సూది మందు ఎంత ప్రమాదకరమో లెక్క వేసుకోండి, ప్రమాదం ఎక్కువైనవాటిని సిద్ధంగా కలిపిన రూపంలోనే కొనండి, లేదా ఫార్మసీలో కలపండి అని. 1976లో చెప్పినదాన్ని 2007లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. డబ్బున్న దేశానికే ముప్పై ఏళ్లు చాలలేదు. మనం ఇంకా మొదలుపెట్టలేదని నిరాశ పడనక్కర్లేదు. మొదలుపెట్టకపోతే మాత్రం తప్పు మనదే.

మన రాష్ట్రంలో హెచ్చరికలు రాలేదా అంటే, వచ్చాయి. 2016 జూన్ చివర్లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి దవాఖానలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పదమూడు మందికి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. కన్ను కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 2019 మార్చిలో నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం రాకుండా పారాసెటమాల్ ఇవ్వబోయి ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. పసిప్రాణం పోయింది, ఎంతోమంది పిల్లలు నిలోఫర్ దవాఖానలో చేరారు. అవి మాత్రలే, సూదులు కావు. కానీ ఒకే తీరుగా కనిపించే రెండు మందులు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. 2024 నవంబరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారిలో, జిల్లా దవాఖానలో సిజేరియన్ అయిన బాలింతలు రోజుల వ్యవధిలో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అక్కడా అనుమానం రింగర్ లాక్టేట్ మీదికే పోయింది. కర్ణాటక ప్రభుత్వం ఆ కంపెనీ సరుకు వాడకాన్ని నిలిపివేసింది. బళ్లారి నుంచి వికారాబాద్ దూరమే. మన జిల్లాలోని తాండూరు మాత్రం కర్ణాటక సరిహద్దుకు ఆనుకునే ఉంది.

తాండూరు పేరు చెప్పగానే ఎవరికైనా నాపరాయి, కందిపప్పు గుర్తొస్తాయి. నాకు అక్కడి మాతాశిశు దవాఖాన గుర్తొస్తుంది. కొడంగల్ వైపు తండాల నుంచి, సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి గర్భిణులు అక్కడికి వస్తారు. తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ ఒకే వరండాలో వినబడతాయి. గర్భవాతంతో, అంటే రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణిని అర్ధరాత్రి 108లో తెచ్చారనుకోండి. ఆమెకు ప్రాణం పోసేది మెగ్నీషియం సల్ఫేట్. మనకు దొరికే ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లది, అందులో ఒక గ్రాము మందు ఉంటుంది. మొదటి డోసు మొత్తం 14 గ్రాములు: నరానికి 4 గ్రాములు, ఒక్కో పిరుదులోకి 5 గ్రాముల చొప్పున పది. అంటే 14 గాజు ఆంప్యూళ్లు విరవాలి. నరానికి ఇచ్చే నాలుగింటిని విరిచి, ఆ 8 మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపి 20 చేసి, నెమ్మదిగా ఎక్కించాలి. మిగతా పదీ కలపకుండా కండరంలోకి లోతుగా ఇవ్వాలి. ఒకే మందు, ఒకే రాత్రి, రెండు చిక్కదనాలు. పక్కన ఆమె అత్తగారు ఏడుస్తుంటుంది, రోగి చేతులు కాళ్లు కొట్టుకుంటుంటుంది. లెక్క తప్పి ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, తక్కువైతే ఫిట్స్ ఆగవు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కింది ఆరోగ్య కేంద్రంలోనే నర్సు తెలివిగా కండరంలోకి పది గ్రాములూ ఇచ్చి పంపి ఉండొచ్చు. అలా ఇచ్చి పంపమనే నియమం. కానీ రెఫరల్ చీటీ మీద ఆ సంగతి, ఇచ్చిన సమయం రాయకపోతే తాండూరులో మళ్లీ పద్నాలుగు విరుస్తారు. కాబట్టి ఆ చీటీ మీద ఒక్క వాక్యం రాయడం కూడా మందు భద్రతే. ఇక్కడ చేయాల్సింది ఖరీదైన పనేం కాదు. పద్నాలుగు ఆంప్యూళ్లు, సిరంజిలు, స్టెరైల్ వాటర్, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్, కలిపే విధానం తెలుగులో రాసిన అట్ట, అన్నీ ఒకే డబ్బాలో పెట్టి లేబర్ రూములో ఉంచడం. ఒకరు తీస్తే ఇంకొకరు చదివి చెప్పడం. తర్వాతి డోసుకు ముందు మోకాలి కదలిక, ఊపిరి లెక్క, మూత్రం చూడటం. డబ్బాలో ఒక్క ఆంప్యూల్ తగ్గినా ఆ పూటే నింపడం ఎవరి పనో పేరు రాసి పెట్టడం. ఈ ఆఖరిది చేయకపోతే మొదటి మూడూ దండగ.

పసిపిల్లల విషయంలో లెక్క ఇంకా సన్నం. జెంటామైసిన్ పెద్దవాళ్ల సీసాలో 2 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములుంటాయి. రెండు కిలోల శిశువుకు కిలోకు 5 చొప్పున 10 మిల్లీగ్రాములు కావాలంటే తీయాల్సింది పావు మిల్లీలీటరు. పెద్ద సిరంజి మీద పావు గీత కంటికి సరిగా ఆనదు. దశాంశ చుక్క ఒక్క స్థానం జరిగితే పది రెట్లు. మూత్రపిండాలకూ చెవికీ దెబ్బ. నవజాత శిశువుల వార్డుకు పెద్దవాళ్ల సీసాలు పంపడమే మానేసి, పిల్లల కోసం వచ్చే పలచటి సీసాలు మాత్రమే పంపితే, నర్సుకు ఎంత శిక్షణ ఇచ్చినా దొరకని రక్షణ స్టోరు గదిలోనే దొరుకుతుంది. ఇన్సులిన్‌దీ ఇదే గొడవ. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా ఉంది, 100 యూనిట్ల మందూ ఉంది. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల మందును 40 సిరంజితో ఇరవై గీతల దాకా తీస్తే ఒంట్లోకి పోయేది ఇరవై కాదు, యాభై. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఈ మాట వింటున్నప్పుడే లేచి మీ సీసా మీది అంకె, సిరంజి మూత రంగు ఒకసారి సరిచూసుకోండి. ప్రసంగం ఎక్కడికీ పోదు.

అపరిశుభ్రత సంగతికొస్తే, అందరికీ తెలిసీ ఎవరూ మాట్లాడని అలవాట్లు కొన్ని ఉన్నాయి. అర లీటరు సెలైన్ బాటిల్‌కు పొద్దున ఒక సూది గుచ్చి వదిలేసి, సాయంత్రం దాకా వార్డు మొత్తానికి దాంట్లోంచే నీళ్లు తీసి మందులు కలపడం. సీసా రబ్బరు మూతకు సూది అలాగే ఉంచేయడం. దారి తెరిచి ఉన్నట్టే కదా, గాలితోపాటు సూక్ష్మజీవులూ లోపలికి నడిచిపోతాయి. ఇంకా సెలైన్ చుక్కలు ఆగిపోయాయని ప్లాస్టిక్ బాటిల్ పైన ఇంకో సూది పొడవడం. పై మూత తీయగానే కింది రబ్బరు శుభ్రంగానే ఉంటుందనుకుని స్పిరిటు దూదితో తుడవకుండా గుచ్చడం. ఇవన్నీ సమయం చాలక, చిన్న స్టెరైల్ వాటర్ ఆంప్యూళ్లు సరఫరా లేక పుట్టిన అలవాట్లు. ఆంప్యూళ్లు ఇవ్వకుండా అలవాటు మానమనడం న్యాయం కాదు.

సరఫరా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ప్రభుత్వ దవాఖానలకు మందులు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ ద్వారా టెండర్ల మీద వస్తాయి. టెండరు మారితే కంపెనీ మారుతుంది, కంపెనీ మారితే సీసా రంగు, లేబుల్, మూత అన్నీ మారతాయి. నిన్నటిదాకా నీలం గీత ఉన్న ఆంప్యూల్ ఒక మందైతే, ఇవాళ అదే నీలం గీతతో వేరే మందు వస్తుంది. వార్డులో చెయ్యి మాత్రం నిన్నటి రంగుకే పోతుంది. ధర తక్కువ ఉన్నవాళ్లకు టెండరు ఇవ్వడంలో తప్పులేదు. లేబుల్ మీద మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని, ప్రమాదకరమైన మందులకు ప్రత్యేకమైన గుర్తు ఉండాలని, పొటాషియం లాంటివి వీలైతే ముందే పలచన చేసిన రూపంలో రావాలని టెండరు షరతుల్లో రాయడానికి అదనంగా ఖర్చయ్యేది కొంచెం కాగితమే. కొత్త కంపెనీ సరుకు దిగిన రోజున స్టోరు ఫార్మసిస్టు ఒక ఆంప్యూల్ పట్టుకుని వార్డు వార్డుకూ పోయి “ఇక నుంచి ఇది ఇలా ఉంటుంది” అని చూపిస్తే ఇంకా మేలు.

ఫార్మసిస్టు అన్నాను కదా. మన దగ్గర ఆయన కిటికీ వెనకాల కూర్చుని మాత్రలు ఇస్తాడు, స్టాకు రిజిస్టరు రాస్తాడు. వార్డులో అడుగు పెట్టడు, పెట్టమని ఎవరూ పిలవరు. 2008 నుంచి దేశంలో ఫార్మ్‌డీ అనే ఆరేళ్ల కోర్సు ఉంది. ఆఖరి ఏడు దవాఖానలోనే ఇంటర్న్‌షిప్. తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి ఏటా ఎంతోమంది ఈ చదువు పూర్తిచేసి వస్తున్నారు. మందుల మోతాదులు, ఒక మందుకు ఇంకో మందు పడకపోవడం, ఏది దేంట్లో కలపాలి, ఇదే వాళ్ల చదువు. ఉదాహరణకు సెఫ్ట్రియాక్సోన్‌ను రింగర్ లాక్టేట్‌తో కలపకూడదు, అందులోని కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. కండరానికి ఇవ్వడానికి లిగ్నోకెయిన్‌తో కలిపిన సెఫ్ట్రియాక్సోన్ నరానికి ఎక్కించకూడదు. ఇవి వాళ్లకు నోటికి వచ్చిన పాఠాలు. ప్రభుత్వ దవాఖానల్లో వాళ్లకు ఉద్యోగాలు లేనట్టే. చాలామంది హైదరాబాద్‌లో కంపెనీల కంప్యూటర్ల ముందు కూర్చుని, అమెరికా రోగులకు మందు వికటించిన కేసులు నమోదు చేస్తున్నారు. తాండూరు రోగికి వికటిస్తే నమోదు చేసే మనిషి తాండూరులో లేడు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

వికారాబాద్‌కు ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని బోధనాసుపత్రిలో ఒక గది చాలు. ఒక లామినార్ ఎయిర్ ఫ్లో బల్ల, అంటే శుద్ధిచేసిన గాలి నిలకడగా వీచే బల్ల, ఇద్దరు ఫార్మసిస్టులు, చేతులు కడుక్కునే చోటు. పసిపిల్లల డోసులు, పొటాషియం కలిపిన సెలైన్లు, కీమోథెరపీ మందులు అక్కడ తయారై, పేరు, మోతాదు, సమయం అంటించుకుని వార్డుకు పోవచ్చు. కీమో గురించి ఒక్క మాట. విన్‌క్రిస్టిన్ అనే మందు నరానికి మాత్రమే. వెన్నులోకి పోతే దాదాపు ఎప్పుడూ మరణమే. అదే పూట వెన్నులోకి ఇవ్వాల్సినది మెథోట్రెక్సేట్, మన యల్లాప్రగడ సుబ్బారావు గారి లెడర్లీ బృందం నుంచి వచ్చిన మందు. ఈ రెంటి సిరంజిలు తారుమారై ప్రపంచంలో ఎంతోమంది పోయారు. 2001లో నాటింగ్‌హామ్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు అలాగే పోయాడు. విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపితే దాన్ని వెన్నులోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు. ఇంత సులువైన మందు.

తాండూరులో అంత గది ఇప్పుడే అవసరం లేదు. అక్కడ ముందు కావాల్సింది మందులు కలపడానికి మాత్రమే వాడే ఒక బల్ల. టీ గ్లాసూ కేస్ షీటూ దాని మీదికి రాకూడదు. రెండోది లేబుల్ చుట్ట: సిరంజిలోకి మందు తీసి చేతిలోంచి కింద పెడుతున్నారంటే దాని మీద పేరు ఉండి తీరాలి. మూడోది, పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లను మామూలు వార్డుల ట్రేల్లోంచి తీసేసి తాళంలో పెట్టడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిక్కటి ఎలక్ట్రొలైట్ల గురించి 2007లోనే ఈ సలహా ఇచ్చింది. మిగతావి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మందు కలిపే ప్రమాదం తప్పించుకోవడానికి అన్నిటికంటే మంచి దారి అసలు సూదే లేకుండా చూడటం. దీనికి నిదర్శనం మన అనంతగిరి గుట్ట మీదే ఉంది. నిజాం కాలం నాటి క్షయ శానిటోరియం అది. స్ట్రెప్టోమైసిన్ వచ్చిన రోజుల్లో క్షయ వైద్యమంటే నెలల తరబడి సూదులే. పొడి సీసాలో నీళ్లు కలిపి, ఉడకబెట్టిన గాజు సిరంజితో పొడిచేవాళ్లు. నిన్నమొన్నటి దాకా కూడా జబ్బు తిరగబెట్టినవాళ్లకు స్ట్రెప్టోమైసిన్, మందులకు లొంగని క్షయకు కనామైసిన్ సూదులు ఉండేవి. వినికిడి పోయినవాళ్లున్నారు. ఇప్పుడు మొండి క్షయకు కూడా మాత్రలతోనే వైద్యం చేస్తున్నారు. జాతీయ క్షయ కార్యక్రమం సూదిని దాదాపు వదిలేసింది. క్షయకే సూది అక్కర్లేనప్పుడు మామూలు జ్వరానికి, ఒళ్లునొప్పులకు ఎందుకు?

ఊళ్లలో దీనికి జవాబు అందరికీ తెలుసు. సూది వేస్తేనే డాక్టరు, గ్లూకోజ్ ఎక్కిస్తేనే బలం. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని నాట్లకు పోయే కూలికి నేను ఉపన్యాసం ఇవ్వలేను. ఆమెకు ఒక్క పూట కూలి పోతే ఇల్లు గడవదు. కానీ ఒక్క లెక్క వినండి. 2000 దశకం మొదట్లో ఇండియాక్లెన్ అనే పరిశోధక బృందం దేశమంతా తిరిగి చూస్తే, వేసిన సూదుల్లో దాదాపు 63 శాతం సురక్షితం కాదని తేలింది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలు మళ్లీ వాడటంతో పచ్చకామెర్లు ప్రబలి పదుల మంది చనిపోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒకే సూదితో ఊరంతటికీ వైద్యం చేసిన నకిలీ డాక్టరు వల్ల హెచ్‌ఐవీ పాకిందని ఆరోపణ వచ్చింది. టీకాల కార్యక్రమంలో ఒక్కసారి వాడగానే బిగుసుకుపోయే ఏడీ సిరంజిలు వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లలకిచ్చిన ఆ భద్రత పెద్దవాళ్లకు ఇంకా పూర్తిగా రాలేదు.

తప్పు జరిగినప్పుడు మనం ఏం చేస్తాం? నర్సును సస్పెండ్ చేస్తాం, ఫైలు మూసేస్తాం. పసిఫిక్ సముద్రంలో సమోవా అనే చిన్న దేశం ఉంది. 2018లో అక్కడ తట్టు రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా పొడిలో స్టెరైల్ వాటర్ బదులు కండరాలను సడలించే మత్తుమందు కలిపారు. ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. నర్సులిద్దరికీ ఐదేళ్ల జైలు పడింది. టీకా మీద జనం నమ్మకం పోయింది, నెలల తరబడి ఆ టీకా వేయడమే ఆపేశారు. 2019 చివర్లో తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది చిన్నపిల్లలే. జైలు శిక్ష సరైందా కాదా అన్నది న్యాయస్థానం చూసుకుంది. మత్తుమందు సీసా టీకా నీళ్ల సీసా దరిదాపుల్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జైలు జవాబు కాదు. మన దవాఖానల్లో నర్సు “నేను ఇవాళ తప్పు సీసా తీయబోయాను, చివరి నిమిషంలో చూసుకున్నాను” అని భయపడకుండా సూపరింటెండెంటుకు చెప్పగలిగితే, ఆ రెండు సీసాలను మర్నాడే వేరు చేయొచ్చు. ఆ మాట చెప్పిన మనిషికి మెమో కాదు, కృతజ్ఞత అందాలి.

రోగుల తరఫు వాళ్లకు నాది ఒక విన్నపం. సిస్టర్ మందు కలుపుతుంటే ఆ రెండు నిమిషాలు ఆమెను పిలవకండి. సూది వేయడానికి మంచం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పేరు చెప్పండి, ఇదేం మందమ్మా అని మర్యాదగా అడగండి. సిరంజి కొత్త ప్యాకెట్‌లోంచి తీశారో లేదో చూడండి. సెలైన్ బాటిల్ వెలుతురుకు పట్టి చూస్తే లోపల నలకలు, మడ్డి కనబడితే ఎక్కించనివ్వకండి. సూది వేశాక దద్దుర్లు, ఆయాసం, వణుకు వస్తే వెంటనే అరిచి పిలవండి, తర్వాత ఆ సీసా పారేయకుండా దాచమని చెప్పండి. మందు నాణ్యత మీద అనుమానం ఉంటే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. మందు వికటిస్తే రోగులే నేరుగా చెప్పుకోవడానికి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నంబరు 1800-180-3024. రెండూ పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో పనిచేస్తాయి. కాగితం, కలం అందుబాటులో ఉంటే రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: 1800-599-6969, 1800-180-3024.